క్రూయిజ్ దిగి టూరుకు పోతే గైడుకెంత, డ్రైవర్‌కెంత: ఏ టూరుకు ఏ లెక్క

మా బావ వాళ్లు నాలుగు కుటుంబాలు కలిసి డిసెంబర్‌ల సింగపూర్ నుంచి మలేషియాల పెనాంగ్, థాయిలాండ్‌ల ఫుకెట్ పోయే క్రూయిజ్ బుక్ చేసిన్రు. మొత్తం 14 మంది, అందరూ హన్మకొండ వాళ్లే, అండ్ల ఇద్దరు ముసలోళ్లు, ఐదుగురు పిల్లలు. టికెట్లు, పాస్‌పోర్టులు, ఎవరి రూము పక్కన ఎవరుండాలె అన్న పంచాయితీ అంతా రెండు రోజులల్ల తెగింది గానీ ఒక్కదాని దగ్గర వాట్సాప్ గ్రూపు వారం రోజులు మోగుతనే ఉంది. షిప్పు దిగి ఊరు చూడ్డానికి పోతే ఆ గైడుకు, బండి డ్రైవర్‌కు టిప్పు ఇయ్యాలెనా వద్దా, ఇస్తే ఎంత ఇయ్యాలె. ఒకరు మనిషికి 10 డాలర్లు అంటరు, ఇంకొకరు యూట్యూబుల ఏదో చూసి అటు దిక్కు టిప్పు ఇస్తే అవమానం అంటరు, మా బావదైతే మొదటి నుంచి ఒకటే మాట, "టూరుకు పైసలు కట్టినంక మల్ల పైసలేంది?"

నేను రెండు సార్లు పోయొచ్చిన కాబట్టి చివరికి అందరూ నన్నే అడిగిన్రు. ఒకసారి అమెరికాల ఉన్న మా తమ్ముని దగ్గరికి పోయినప్పుడు సియాటిల్ నుంచి అలాస్కా, బాపును అమ్మను తీసుకొని. ఇంకోసారి ఇప్పుడు బావ వాళ్లు పోయే దిక్కే, సింగపూర్ నుంచి. రెండు సార్ల మీద నాకు తెలిసిందేందంటే, ఏ దేశం అన్నదానికంటే ముందు ఆ టూరు ఎట్ల బుక్ చేసుకున్నం అన్నది చూడాలె, టిప్పు లెక్క సగం అక్కడనే తేలిపోతది. అందరూ దేశాల పేర్లు పెట్టి అడుగుతరు గానీ అది తర్వాత సంగతి.

బావ మాటకు ముందు జవాబు చెప్తా. మన దగ్గర రామప్పకు కారు మాట్లాడుకుంటే కిలోమీటరు రేటు వేరే, డ్రైవర్ బత్తా వేరే, మధ్యాహ్నం అన్నం మనమే పెట్టిస్తం, రాత్రి ఇంటికి చేరినంక చాయ్ పైసలని 100 అయినా 200 అయినా చేతుల పెడ్తం. గిది ఏ బిల్లుల రాసి ఉండదు, ఎవరూ అడగరు, అయినా ఇయ్యకుంటే మనకే ఏదోలెక్క ఉంటది. అక్కడ కూడా గంతే బావా. కాకపోతే మన ఊరి లెక్క మనకు చిన్నప్పటి నుంచి తెలుసు, వాళ్ల ఊరి లెక్క తెల్వదు.

షిప్పుల కట్టిన గ్రాట్యుటీ వేరే, ఇది వేరే

మస్తు మంది ఇక్కడనే పొరపాటు పడ్తరు. పెద్ద క్రూయిజ్ కంపెనీలు చాలావరకు మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్ల దాకా గ్రాట్యుటీ, అంటే షిప్పు సిబ్బందికి టిప్పు అని మన అకౌంటుల వాళ్లంతట వాళ్లే ఎక్కిస్తరు, పిల్లలకు కూడా. నలుగురున్న కుటుంబం 7 రాత్రులు పోతే రోజుకు 18 లెక్కన 504 డాలర్లు, మన పైసలల్ల 40 వేలు దాటినట్టే. బిల్లు చూసినంక ఎవరికైనా గుండె గుబేల్ మంటది, ఇంత కట్టినం కదా ఇంకేం టిప్పు అనిపిస్తది. కానీ ఆ పైసలు రూము ఊడ్చేటోళ్లకు, డైనింగ్ హాల్ల వడ్డించేటోళ్లకు, కిచెన్‌ల లాండ్రీల కనపడకుండ పనిచేసేటోళ్లకు పోతయి. ఒడ్డు మీద మనల్ని తిప్పే గైడు, డ్రైవర్ షిప్పు మనుషులు కాదు. షిప్పు కౌంటర్‌లనే టూరు కొన్నా గానీ దాన్ని నడిపేది ఆ ఊరి లోకల్ ఆపరేటరే, షిప్పు వాళ్లు మధ్యల కమిషన్ తీసుకొని టికెట్ అమ్ముతరు. అందుకే ఆ 504 డాలర్లల్ల ఒక్క సెంటు కూడా బస్సు డ్రైవర్‌కు చేరదు.

ఇంకో రకం ఉంది, హైదరాబాద్ నుంచి గ్రూపుగా తీసుకపోయే ప్యాకేజీలు. వీళ్లు చాలాసార్లు ముందే రోజుకు ఇంత అని టిప్పుల పైసలు వసూలు చేస్తరు. అట్ల కట్టినోళ్లు ఒక్క ప్రశ్న అడిగి ఊకోవాలె, "ఇండ్ల ఒడ్డు మీది గైడు, డ్రైవర్ కూడా ఉన్నరా, లేకుంటె షిప్పు టిప్పులేనా?" అని. ఉన్నరంటే మీకు రంది లేదు, మల్ల ఇయ్యాల్సిన అవసరం లేదు. టూరు టికెట్ మీద కూడా ఒక్కోసారి టిప్పులు కలిసినయి అని రాసి ఉంటది, చదువుకోవాలె.

షిప్పు వాళ్ల బస్సు టూరు

40, 50 మందిని ఒక బస్సుల ఎక్కించి తిప్పేది ఇది. రేటు ఎక్కువ, కానీ ఒక్క లాభం ఉంది, బస్సు ట్రాఫిక్‌ల ఇరుక్కొని లేటైతే షిప్పు మనకోసం ఆగుతది, ఆగలేకుంటె తర్వాతి పోర్టు దాకా చేర్చే బాధ్యత వాళ్లదే. సొంతంగా పోయి లేటైతే షిప్పు మన మొహం చూడకుండ పోతది. ముసలోళ్లు పిల్లలు ఉన్నోళ్లకు ఈ ఒక్క కారణం చాలు.

టిప్పు విషయంల కూడా ఇదే అన్నిటికంటే సులువు. అమెరికా దిక్కు అయితే పూట టూరుకు గైడుకు మనిషికి 3 నుంచి 5 డాలర్లు, రోజంతా తిప్పితే 5 నుంచి 10, డ్రైవర్ వేరే ఉంటే ఆయనకు 2 లేకుంటె 3. అలాస్కాల అయితే చాలాసార్లు బస్సు నడిపేటోడే మైకు పెట్టుకొని కథలు కూడా చెప్తడు, అప్పుడు రెండూ కలిపి ఒక్కనికే 5 పైన ఇస్తే మర్యాదగ ఉంటది.

అక్కడి జూనో అనే ఊర్ల మాకు గట్లనే అయింది. పోర్టు నుంచి మెండెన్‌హాల్ గ్లేసియర్ (మంచు నది) 20 కిలోమీటర్ల దూరం, మా బస్సు నడిపినాయనకు ఒక 25 ఏండ్లు ఉంటయేమో, ఎండకాలం నాలుగైదు నెలలు మాత్రమే అక్కడ పనిచేస్తడట, మిగతా ఏడాది వేరే రాష్ట్రంల చదువు. అలాస్కాల సీజన్ ఏప్రిల్ ఆఖరు నుంచి అక్టోబర్ మొదట్ల దాకనే కాబట్టి గిట్ల వచ్చిపోయే పిల్లలే చాలామంది ఉంటరు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, బస్సు మెట్టు ఎత్తు ఎక్కువ. ఆ పిల్లగాడు మేం అడగకముందే సీటు కింద నుంచి చిన్న పీట తీసి కింద పెట్టి చెయ్యి పట్టుకొని దింపిండు, ఎక్కేటప్పుడు మల్ల అట్లనే, ప్రతి స్టాపుల. దిగి పోయేటప్పుడు డోర్ దగ్గర నిలబడితే జనం ఒక్కొక్కరు చేతుల నోటు పెట్టి పోతున్నరు, కొందరు ఊకనే థాంక్యూ అని పోతున్నరు, ఆయన అందరికీ ఒక్క తీరుగనే నవ్విండు.

నలుగురి తరఫున నేను 20 డాలర్లు ఇస్త అంటే మా బాపు ఆపి, "సున్న మీద ఆపొద్దు బిడ్డా, 21 చెయ్యి" అన్నడు. పెండ్లి కట్నం రాయించినట్టు. తమ్ముడు నవ్విండు గానీ నా దగ్గర ఒక డాలర్ నోట్లున్నయి, 21 చేసినం. అమ్మ ఊకుంటదా, సంచిల నుంచి సకినాల ప్యాకెట్ తీసి అది కూడా ఇచ్చింది. అది మస్తు సంతోషంగనే తీసుకున్నడు, కానీ ఒకటి చెప్తా, సకినాలు ఇచ్చినమని డాలర్లు ఎగ్గొట్టొద్దు. తినేది ఇచ్చుడు ప్రేమ, ఆయన రూము కిరాయి దానితోటి ఎల్లదు.

అమెరికాల టిప్పు ఎందుకంత గట్టిగ పట్టుకుంటరంటే దాని వెనుక ఒక రూలు ఉంది. అక్కడ దేశమంతటికి ఉన్న ఫెడరల్ చట్టం ప్రకారం టిప్పులొచ్చే పనుల వాళ్లకు యజమాని గంటకు 2.13 డాలర్లు ఇచ్చినా నడుస్తది, మిగతాది టిప్పులతోటి కలిసి కనీస వేతనం 7.25 దాకా నిండాలె, నిండకుంటె యజమాని నింపాలె. అంటే జీతంల ఒక భాగం కస్టమర్ మీదికి తోసినట్టు. అలాస్కాల మాత్రం ఈ కోత లేదు, పూర్తి కనీస వేతనం ఇయ్యాల్సిందే. కానీ టూరిస్టులు ఎక్కువగ మిగతా అమెరికా నుంచే వస్తరు కదా, అలవాటు వెంటబెట్టుకొనే వస్తరు, అందుకని అక్కడ కూడా ఇచ్చుడే నడుస్తది.

సొంతంగా వ్యాను మాట్లాడుకునుడు

మనోళ్లు గుంపుగా పోతరు కాబట్టి దీని లెక్క మంచిగ చూసుకోవాలె. బస్సు టూరుకు టిప్పు తలకాయ లెక్కన, ప్రైవేటు బండికి టిప్పు మొత్తం బిల్లు మీద శాతం లెక్కన. అమెరికా దిక్కు 15 నుంచి 20 శాతం. వినంగనే ప్రైవేటుకు ఎక్కువ అనిపిస్తది, కానీ అది మంది మీద ఉంటది.

ఊహకు ఒక లెక్క వేసి చూడున్రి. బస్సు టికెట్ మనిషికి 60 డాలర్లు అనుకుందాం, గైడుకు 5, డ్రైవర్‌కు 2 టిప్పు. వ్యాను మొత్తానికి 300, టిప్పు 15 శాతం అంటే 45. నలుగురే పోతే బస్సుకు 240, టిప్పు 28, కలిపి 268. వ్యానుకు 345. బస్సే నయం. అదే ఎనిమిది మంది అయితే బస్సుకు 480, టిప్పు 56, మొత్తం 536, వ్యానుకు మాత్రం అదే 345. ఐదుగురి దగ్గర ఇంచుమించు సమానం అవుతది, ఆరుగురు దాటితే కండ్లు మూసుకొని వ్యాను. టిప్పు కలపకుండ పోల్చేటోళ్లు ఇక్కడ తప్పుతరు, టికెట్ రేటు చూసి ఇదే చౌక అనుకుంటరు, తర్వాత టిప్పు ఇచ్చేటప్పుడు ఏడుస్తరు.

ప్రైవేటు బండిల డ్రైవరే గైడు అయితే మొత్తం ఆయనకే. ఇద్దరుంటే గైడుకు రెండు వంతులు, డ్రైవర్‌కు ఒక వంతు అని నేను పెట్టుకున్న, కానీ ఘాట్ రోడ్డో, వానో, ట్రాఫికో ఉండి డ్రైవర్ మనల్ని టైముకు షిప్పుకు చేర్చిండంటే సగం సగం చేసినా తప్పులేదు. షిప్పు పోయేదానికంటే అరగంట, ఒక్కోసారి గంట ముందే ఎక్కాల్నని పెడ్తరు, ఆ టైం ఉరుకులాటల మన ప్రాణం డ్రైవర్ చేతులనే ఉంటది, గైడు చేతుల మైకు ఉంటది.

భోజనం సంగతి కూడా ఒకటి. మనకు అలవాటు, డ్రైవర్‌ను మనతోటే కూసోబెట్టి తినబెడ్తం. అక్కడ చాలామంది డ్రైవర్లు వేరే తినుడే ఇష్టపడ్తరు, లేకుంటె హోటలోళ్లే వాళ్లకు పెడ్తరు. ఒకసారి పిలిచి చూడాలె, రానంటే బలవంతం చెయ్యొద్దు.

పోర్టు గేటు కాడ దొరికే ట్యాక్సీ

దిగంగనే చుట్టుకుంటరు, మన కాజీపేట జంక్షన్ బయట ఆటోలోళ్ల లెక్కనే. చౌకగ అయితది, మంచోళ్లు కూడా మస్తు మంది ఉంటరు, కాకపోతే నోరు కట్టేసుకొని ఎక్కితే మునుగుతం. మేం ఒక పోర్టుల 40 డాలర్లు అని మాట్లాడుకొని ఎక్కినం, తిరిగొచ్చినంక మనిషికి 40 అన్నడు. నలుగురికి 160. అరగంట లొల్లి అయింది, షిప్పు టైం అయితుందని 80 ఇచ్చి బయటపడ్డం, టిప్పు సంగతి అడగకున్రి. తప్పు నాది కూడా ఉంది, మొత్తానికా మనిషికా, పోయేటిదానికా పోయి వచ్చేటిదానికా, డాలర్లా అక్కడి పైసలా అని మూడు మాటలు అడగలే. కొన్ని చోట్ల పోర్టు గేటు దగ్గరనే రేట్ల బోర్డు ఉంటది, దాన్ని ఫోన్‌ల ఫోటో కొట్టుకొని ఎక్కితే ఈ లొల్లి ఉండదు.

టిప్పు అంటే ఊకనే దింపి పోయేటోనికి ఉన్న రేటును పైకి రౌండ్ చేస్తే చాలు. మూడు గంటలు మనకోసం ఆగి, నాలుగు చోట్లు చూపెట్టి, నీళ్ల సీసాలిచ్చినోనికి 10 నుంచి 15 శాతం. పైసలు మొత్తం తిరిగొచ్చినంకనే. సగం దారిల "డీజిల్‌కు జర ఇయ్యున్రి" అంటే నవ్వుకుంట తర్వాత అనాలె.

ఫ్రీ వాకింగ్ టూరు

యూరప్ ఊర్లల్ల ఇది ఎక్కువ. పేరు చూసి మోసపోవద్దు, ఫ్రీ అంటే టికెట్ లేదని, గైడుకు జీతం లేదని కూడా. ఆయన బతుకుడు మన టిప్పుల మీదనే, చాలా చోట్ల బుకింగ్ చూపెట్టే కంపెనీకి తలకింత అని గైడే ఎదురు కట్టాలె. అంటే మనం రెండు గంటలు ఇని జారుకుంటే ఆయనకు జేబుల నుంచి పోతది. మా వదిన వాళ్లు పోయినప్పుడు మనిషికి 10 యూరోలు ఇచ్చిన్రట, 5 కంటే తక్కువ ఇచ్చేటట్టుంటే ఆ టూరే వద్దు, సొంతంగా తిరగొచ్చు. నాకైతే టిప్పు గురించి లోపల గులుగుకునేటోళ్లు దీనికి అస్సలే పోవద్దు అనిపిస్తది, బస్సు టూరే వాళ్లకు మంచిది.

ఇగ దేశాల లెక్క

కరీబియన్, మెక్సికో పోర్టులల్ల చాలావరకు అమెరికా డాలర్లు కూడా నడుస్తయి, గైడుకు మనిషికి 3 నుంచి 5, డ్రైవర్‌కు 1 లేకుంటె 2. మెడిటరేనియన్‌ల గైడుకు 2 నుంచి 5 యూరోలు, డ్రైవర్‌కు ఒకటో రెండో. రోమ్ పోవాలంటే షిప్పు చివితావెక్యా అనే పోర్టుల ఆగుతది, అక్కడి నుంచి రోమ్ 80 కిలోమీటర్లు, అంటే హన్మకొండ నుంచి రామప్ప కంటే కూడా ఎక్కువనే. పోయి రాంగ బండిలనే మూడు గంటలు అయితది, గట్లాంటి చోట డ్రైవర్‌ను మర్చిపోవద్దు.

నార్వే, ఐస్‌లాండ్ దిక్కు ఇయ్యకున్నా ఎవరూ ఏమనుకోరు, జీతాలు మంచిగుంటయి, పైగా అక్కడ నోట్లు వాడుడు చాలా తక్కువ, ఎక్కువ కార్డే. జపాన్‌ల అయితే ఇయ్యొద్దు. ఇస్తే మీరు పైసలు మర్చిపోయిన్రని ఎనుక ఉరికొచ్చి తిరిగిచ్చేటోళ్లున్నరు. ప్రైవేటు గైడు రోజంతా మస్తు కష్టపడ్డడనిపిస్తే కొత్త నోటు కవర్ల పెట్టి రెండు చేతులతోటి ఇయ్యాలె, చేతుల కుక్కినట్టు ఇయ్యొద్దు. మన ఊరి నుంచి ఏదన్న చిన్న బొమ్మనో, చేర్యాల నకాషీ పనిదో తీసుకపోతే ఇంకా మంచిది.

ఈజిప్ట్ పూర్తిగ ఎదురు. అక్కడ టిప్పును బక్షీష్ అంటరు, మన పెద్దలు అనే బక్షీస్ అదే ముచ్చట. గైడు, డ్రైవర్ కాకుండ సామాన్లు ముట్టుకున్నోడు, ఫోటో తీసిచ్చినోడు, బాత్రూము కాడ నిలబడ్డోడు అందరూ చెయ్యి చాపుతరు. కోపానికి రావద్దు, చిన్న నోట్లు ఒక జేబుల వేరే పెట్టుకొని పోవాలె, గైడు డ్రైవర్ల పైసలు ఇంకో జేబుల.

సింగపూర్‌ల టిప్పు అలవాటు లేదు, హోటళ్లల్ల బిల్లు మీదనే 10 శాతం సర్వీస్ చార్జి వేస్తరు. మలేషియాల కూడా తప్పనిసరి కాదు, గైడు మంచిగ తిప్పితే 10, 20 రింగిట్లు ఇస్తే సంతోషపడ్తడు. థాయిలాండ్‌ల అడగరు గానీ టూరిస్టు ఊర్లల్ల ఇచ్చుడు అలవాటైపోయింది. మేం ఫుకెట్‌ల గైడుకు తలకు 100 బాట్లు, డ్రైవర్‌కు 50 లెక్కన ఇచ్చినం, ఇద్దరూ దండం పెట్టి తీసుకున్నరు. ఒక్కటి యాదిల పెట్టుకోవాలె, వాళ్ల నోటు మీద రాజు బొమ్మ ఉంటది, నోటు కింద పడ్డదని గాలికి పోకుండ కాలు పెట్టి ఆపుడు లాంటి పని అస్సలు చెయ్యొద్దు.

షాపులల్ల తిప్పే గైడు

ఒక పోర్టుల మాకు తిరిగే టైమే ఐదు గంటలు, అండ్ల గంటంబావు జెమ్స్ షాపు, తేనె షాపు అని రెండు షాపులల్ల కూసోబెట్టిండు గైడు. గిట్లాంటి షాపులు గైడుకు కమిషన్ ఇస్తయి, మనం కొన్నా కొనకున్నా తోలుకొచ్చినందుకే కొన్ని చోట్ల ఇస్తరు. ఆ గైడుకు నేనైతే అనుకున్నదాంట్ల సగమే ఇచ్చిన, డ్రైవర్‌కు మాత్రం పూర్తిగ. మా ఆయన పాపం అన్నడు గానీ నాకేం పాపం అనిపియ్యలే, ఆయన తీసుకున్న గంటంబావు మాది. ముందే బుక్ చేసేటప్పుడే "షాపులకు వద్దు" అని రాసి పంపితే ఈ బాధ ఉండదు, అట్ల ఒప్పుకొని మాట నిలబెట్టుకున్న గైడుకు జర ఎక్కువ ఇయ్యాలె, ఆయన కమిషన్ వదులుకున్నడు కాబట్టి.

నోట్లు, కవర్లు, వసూలు చేసుడు

అసలు కష్టం ఎంతియ్యాలె అన్నదాంట్ల లేదు, చిల్లరల ఉంది. డాలర్లు మార్చే ఫారెక్స్ దగ్గరికి పోతే 100 డాలర్ల నోట్లు చేతుల పెడ్తరు, అది తీసుకపోయి బస్సు డోర్ దగ్గర ఏం చేస్తం. మన ఆర్టీసీ కండక్టర్ అయితే టికెట్ ఎనుక రాసిచ్చి దిగేటప్పుడు తీసుకో అంటడు, జూనోల పిల్లగాడు ఎక్కడ రాసిస్తడు. అందుకే ఇక్కడనే మొండిగ అడిగి 1, 5 డాలర్ల నోట్లు కొన్ని తీసుకోవాలె, దొరకకుంటె షిప్పు ఎక్కిన మొదటి రోజే రిసెప్షన్‌ల మార్చుకోవాలె. పోర్టు వచ్చే పొద్దున అక్కడ లైను చూస్తే రేషన్ షాపు యాదికొస్తది.

ఆ దేశంల నడవని నాణేలు ఇయ్యొద్దు. మనకు చిల్లర వదిలిచ్చుకున్నట్టు ఉంటది గానీ పరాయి దేశపు నాణేలు ఏ బ్యాంకు మార్చదు, ఆ గైడుకు అవి పిల్లలు ఆడుకునే దానికే పనికొస్తయి. రూపాయలు కూడా గంతే, గుర్తుగ ఉంచుకోమని 10 రూపాయల నోటు ఇస్తే ఇయ్యున్రి, అది టిప్పు కాదు. చినిగిన డాలర్ నోట్లు, పెన్నుతోటి రాసినవి చాలా దేశాలల్ల తీసుకోరు. అమెరికాల కొందరు గైడ్లు వెన్మో అనే పైసలు పంపే యాపు క్యూఆర్ కోడు పెడ్తున్నరు, అక్కడి బ్యాంకు అకౌంటు లేకుంటె మనకు పనిచెయ్యదు, తమ్ముళ్లు బిడ్డలు పక్కన ఉంటే వాళ్లతోటి కొట్టిచ్చుకోవాలె.

ఇగ గుంపుగా పోయినప్పుడు ఎవరికి వాళ్లు ఇచ్చుడా, అందరి దగ్గర వసూలు చేసి ఒకటే కవర్ ఇచ్చుడా? ఎవరికి వాళ్లు ఇస్తే ఒకరు 10 ఇస్తరు, ఇంకొకరు ఫోన్ మాట్లాడుకుంట దిగిపోతరు, తర్వాత ఇంటికొచ్చినంక ఆరు నెలలు అదే ముచ్చట, వాళ్లు పైసా తియ్యలే చూసినవా అని. వసూలు చేసుడే మంచిదని నేనంట. పొద్దున బస్సు ఎక్కకముందే చెయ్యాలె, దిగేటప్పుడు కాదు, అప్పుడు అందరికీ బాత్రూము, షాపింగు, ఆకలి యాదికొస్తయి. ఐదేండ్ల లోపు పిల్లల్ని లెక్కల పట్టొద్దు.

కానీ ఒక్క కవర్ కాదు, రెండు కవర్లు. గైడు చేతుల అంతా పెట్టి మీరిద్దరూ పంచుకోన్రి అంటే పంచుకోవచ్చు, పంచుకోకపోవచ్చు, మనకు తెల్వదు. డ్రైవర్‌కు మన భాష రాదు, మనకు ఆయన భాష రాదు, మైకు గైడు దగ్గరుంది కాబట్టి థాంక్యూలన్నీ గైడుకే పోతయి. డ్రైవర్ దగ్గరికి నడుచుకుంట పోయి ఆయన చేతులనే పెట్టాలె. ఈ పని ఇంట్ల చిన్నోళ్లకు అప్పచెప్తే వాళ్లకు సంబురం, డ్రైవర్‌కు కూడా.

మా బావకు చెప్పింది

పెనాంగ్‌ల షిప్పు ఆగే జెట్టి జార్జ్‌టౌన్ ఊర్లనే ఉంటది, దిగి నడుచుకుంట పోవచ్చు. అక్కడ గైడు వద్దు, ముసలోళ్లకు మన ఓలా లాంటి గ్రాబ్ బండి పిలుచుకుంటే సరిపోతది, అది యాపుల ముందే రేటు కనపడ్తది, టిప్పు ఇయ్యకున్నా ఏం కాదు. అంటే ఆ రోజుకు టిప్పుల ఖర్చు సున్న.

ఫుకెట్‌ల మాత్రం సొంతంగా తిరుగుతనంటే నేను ఒప్పుకోలే. అక్కడ పెద్ద షిప్పులు చాలాసార్లు సముద్రంలనే ఆగి చిన్న పడవలల్ల దింపుతయి, ఎక్కుడు దిగుడుకే గంటలు పోతయి, చూసే చోట్లు దూరం దూరం. ముసలోళ్లు పిల్లలు ఉన్నా గానీ 14 మంది కాబట్టి బస్సు టూరు దండుగ, ముందే ఒక గైడును, రెండు వ్యాన్లను మాట్లాడుకొమ్మన్న, షాపులు వద్దని రాసి పంపుమన్న, సొంత బండికి షిప్పు ఆగదు కాబట్టి దాని టైం కంటే రెండు గంటల ముందు ఒడ్డు మీద దింపాల్నని ముందే ఒప్పుకొమ్మన్న. గైడుకు తలకు 100 లెక్కన 1400 బాట్లు, ఇద్దరు డ్రైవర్లకు చెరి 350. మొత్తం 2100, మనిషికి సుమారు 400 రూపాయలు. ఇది చెప్పినంక బావ ఏం మాట్లాడలే కాసేపు, తర్వాత "మొన్న లక్నవరం పోయినప్పుడు ఐస్‌క్రీములకే గంత అయింది" అన్నడు. 1400 కాదు 1401 చెయ్యున్రని మా బాపు పక్క నుంచి అన్నడు గానీ ఒక బాట్ అంటే నాణెమే, కవర్ల నాణెం ఎందుకని వద్దన్న.